తిరగని లొట్టి

బస్సు కనిపిస్తే వింతగా చూసే రోజులవి. తెలంగాణ కోసం ఒకరోజు బంద్, మర్నాడు రాస్తారోకో, ఆ మర్నాడు నడిరోడ్డు మీదే వంటావార్పు. అయినా బంద్ ఇంకో వారం సాగితే బాగుండునని లోలోపల కోరుకున్న ఇల్లు కోరుట్ల చుట్టుపక్కల మాదొక్కటే అయి ఉంటుంది. మా బాపు కల్లు గీయబోయి తాడిచెట్టు మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. కాళ్లు ఇక కదలవని కరీంనగర్ డాక్టరు అవ్వకూ (మేం అమ్మను పిలిచేది అలాగే) నాకూ చెప్పేశాడు. బాపుకు చెప్పే ధైర్యం మాకు లేదు. "బస్సులు నడ్వనీ, మళ్ల సూపిద్దాం. చెట్టు ఎప్పుడు ఎక్కాల్నో డాక్టరే జెప్తడు" అనేది అవ్వ. బాపు పక్కా తెలంగాణవాది, బంద్‌ను పల్లెత్తు మాట అనలేడు. "సరే, రాష్ట్రం రానీ, గప్పుడే ఎక్కుత" అని మంచం మీది నుంచే ఉద్యమానికి మద్దతు ప్రకటించేవాడు. (మా ఒక్క అబద్ధానికి అంత పెద్ద ఉద్యమం అండగా నిలబడింది.)

నేనప్పుడు జగిత్యాలలో ఒక మందుల షాపు మేడ మీద యానిమేషన్ నేర్చుకుంటున్నాను. (చుట్టాలు అడిగితే అవ్వ "కంప్యూటర్" అనేది, ఇంట్లో మాత్రం "బొమ్మల సదువు".) కంప్యూటర్ ముట్టుకునే ముందు చేత్తో గీయాలని మా సారు పట్టుదల. ఏదైనా వస్తువును కొద్దికొద్దిగా తిప్పుతూ కాగితానికొక బొమ్మ గీయాలి. ఆ కట్టను పట్టుకుని బొటనవేలితో జారవిడిస్తే వస్తువు తిరిగినట్టు కనబడాలి. మా ఇంట్లో గుండ్రంగా, ఖాళీగా ఉన్నవి బాపు కల్లు కుండలే, మా మాటలో లొట్టిలు. ఒకటి తెచ్చి ఇసుర్రాయి మీద పెట్టాను. అవ్వ పిండి పని మానుకుని రాయిని ఇంతింత జరుపుతుంటే, నేను ఒక కన్ను మూసి మహా కళాకారుడిలా గీశాను. బస్సుల్లేక సైకిల్ మీదే జగిత్యాల పోయాను. సారు కాగితాలు జారవిడిచి చూశాడు, మళ్లీ చూశాడు. "ఏందిరా, గిది తిరుగుతున్నదా, పండుకున్నదా?" అన్నాడు. నున్నటి లొట్టిని ఎంత తిప్పినా ఒక్కతీరుగానే ఉంటుందని, మీద ఏదో ఒక గుర్తు ఉంటేనే తిరిగినట్టు తెలుస్తుందని ఆయన చెప్తే గానీ నా బుర్రకు ఎక్కలేదు.

గుర్తు అనగానే ప్రాణం లేచొచ్చింది. ఎవరి లొట్టి ఎవరిదో తెలియడానికి మా ఊరి కల్లుగీసేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో గుర్తు పెట్టుకుంటారు. బాపుది సున్నంతో వేసిన ఇంటూ గుర్తు. ఇంటికొచ్చి, సైకిల్ స్టాండైనా వేయకుండా లొట్టిలన్నీ తిరగేసి అరిచాను.

"అవ్వా, బాపు గుర్తేది? ఒక్కదాని మీద గూడ లేదు!"

అవ్వ కళ్లతోనే నన్ను ఆపబోయింది. అప్పటికే ఆలస్యమైంది.

"గుర్తు లేదా? ఎవలు కడిగిండ్రు?" అన్నాడు బాపు మంచం మీది నుంచి.

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) పని ఆగిపోయి ఊరికొచ్చిన చిన్నబాపుకు మా చెట్లు అప్పజెప్పిందట అవ్వ. లొట్టిలు కూడా ఇచ్చేయాలని రుద్ది రుద్ది కడిగిందట. నాకు తర్వాత తెలిసింది. బాపుకు మాత్రం ఆ క్షణమే తెలిసిపోయింది.

"మన తాళ్లు ఎవలెక్కుతున్నరు? తమ్ముడా?"

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తలూపింది. బాపు మొహం నా వైపు తిప్పాడు. "నువ్వు జెప్పురా కొడుకా. నేనిగ ఎక్కనా?"

మొన బాగానే ఉన్న పెన్సిల్‌ను నేను చెక్కుతూ కూర్చున్నాను. అది సగానికి వచ్చింది. ఇక చెక్కడానికి లేక, "ఎక్కవు బాపూ" అన్నాను.

బాపు సున్నం తెమ్మన్నాడు. వేలు ముంచి లొట్టి మీద తన గుర్తు తానే వేశాడు. ఇసుర్రాయిని మంచం దగ్గరికి జరిపించుకుని, లొట్టిని దాని మీద పెట్టించి, చెయ్యి కిందికి వేసి గిరగిరా తిప్పసాగాడు.

"మెల్లగ బాపూ, గంత జల్ది తిప్పితే గీయరాదు."

"ఎక్కుడు బందాయె గదరా, తిప్పుడన్న నేర్సుకోనీ" అని నవ్వాడు. ఆ నవ్వుకు అవ్వ వంటింట్లోకి పోయి ఏడ్చింది. నేను ఏడవలేదు. కాగితం తడుస్తుందని భయం.

ఇప్పుడు మౌస్ కదిపితే ఏదైనా తిరుగుతుంది. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు అప్పుడప్పుడు ఆ కట్ట చూపిస్తాను. అందులో లొట్టి ఎగిరెగిరి తిరుగుతూ, మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. "గిక్కడ తప్పు పోయింది సార్" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అవ్వ ఏడుపు వినబడి అక్కడ బాపు చెయ్యి ఆగింది. ఎందరి బొమ్మలో దిద్దాను గానీ, ఆ ఒక్క తప్పును దిద్దడం నాకింకా చేతకాలేదు.