అక్క ఒట్టు, సెవెన్ ఎక్కిన కంప్యూటర్, ఆగిపోయిన మా గల్లీ పేపర్

మా చిన్నప్పుడు... శంషాబాద్‌లో మా గల్లీకి ఒక సొంత పేపర్ ఉండేది. నిజంగానే! ఆదివారం పొద్దున్నే కిరాణా కొట్టు గోడకు అతికించేవాళ్లం. ఒకే కాగితం, ఒకే కాపీ. వార్తలు చెప్పేది నేను, టైపు చేసేది మా అక్క.

అప్పుడు నేను ఏడో తరగతి, అక్క ఇంటర్. బాపు ఎయిర్‌పోర్టు దగ్గర కారు నడిపేవాడు. రాజేంద్రనగర్‌లో పెళ్లికార్డులు టైపు చేసే షాపు ఒకటి మూసేస్తుంటే, అక్కడి పాత కంప్యూటర్, దాంతోపాటు ఒక ముసలి ప్రింటర్ కొనుక్కొచ్చాడు. ఎక్స్‌పీ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచే డబ్బా అది. స్విచ్ వేస్తే పొయ్యి మీద చాయ్ మరిగే దాకా లేచేది కాదు... కానీ అందులో తెలుగు టైపింగ్ ఉండేది. ఎవరెవరివో పెళ్లికార్డులు కూడా అందులోనే ఉండిపోయాయి. ముక్కూ మొహం తెలియని పెళ్లికొడుకుల పేర్లు చదివి పడీపడీ నవ్వేవాళ్లం. ఆ కార్డుల్ని మార్చి మార్చి కొడుతూనే అక్క టైపు నేర్చుకుంది.

విమానం చప్పుడుకు బెదిరి తాడు తెంపుకున్న బర్రె, ఎండిపోయిన బోరు, కొత్తగా కిరాయికి దిగినవాళ్లు... ఇవే మా వార్తలు. నేను మంచం మీద కూర్చుని చెప్తుంటే అక్క టకటకా కొట్టేది. మధ్యలో ఆగి, "గిదేం వార్తనే... జర మసాలా వెయ్" అనేది.

పాల ప్యాకెట్ కోసం వచ్చినవాళ్లు గోడ దగ్గర నిలబడి చదువుతుంటే, నేను దూరం నుంచి చూసి మురిసిపోయేదాన్ని. అంత గొప్ప ఆనందం నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

తర్వాత అక్క ఇంజనీరింగ్‌లో చేరింది. దాని స్నేహితురాళ్లందరి ఇళ్లలో అప్పటికే సెవెన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేసింది. మా ఎక్స్‌పీ దానికి నామోషీ అయిపోయింది. రోజూ ఒకటే పాట... మనం కూడా సెవెన్ ఎక్కిద్దామని.

"మరి మన పేపరో?" అన్నాను. నా భయమల్లా అదే.

అక్క నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. "నీ మీద ఒట్టే. పేపర్‌కు ఏం గాదు. సలీమ్ అన్నను అడిగినా."

సలీమ్ అన్నకు మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉండేది. ఆయన్ని అడిగిందంటే ఇక ఆలోచించేదేముంది?

మా ఇంట్లో ఫ్యాన్ కొన్నా, పరదా మార్చినా బాపు అందర్నీ కూర్చోబెట్టి అడిగేవాడు. దీనికీ అంతే. ఆదివారం అన్నాలయ్యాక పంచాయితీ పెట్టాడు.

అమ్మ అంది: "ఏదన్న ఎక్కియ్యుండ్రి గని, కరెంటు బిల్లు ఎక్కువ రావద్దు."

బాపు నా వైపు తిరిగాడు. "మీ అక్క కొత్తది పెట్టియ్యమంటున్నది. నువ్వేమంటవ్ బిడ్డా? పేపర్ నీది గద, నువ్వు వద్దంటే ఇగ వద్దు."

నేను అక్క వైపు చూశాను. ఏం కాదన్నట్టు కళ్లు మూసి తెరిచింది.

"సరే బాపూ" అన్నాను.

సలీమ్ అన్న వచ్చి సగం రోజు కూర్చుని ఎక్కించాడు. తెర నీలంగా మెరిసిపోతుంటే నేనూ చప్పట్లు కొట్టాను. ఆయనకు చాయ్ ఇచ్చి, "అన్నా, తెలుగు టైపింగ్ ఏడుంది?" అని అడిగాను.

ఆయన వింతగా చూశాడు. "అది పాతదాంతోనే పాయె గదమ్మా. ఈ కొత్తదాంట్ల నడవది. మీ అక్కకు మొన్ననే చెప్పిన. పేపర్ కావాలంటే పాతదే ఉంచుకోమన్న. ఏం ఫరక్ పడదన్నది."

మా పేపర్ ఫైళ్లన్నీ అలాగే ఉన్నాయి. తెరిస్తే మాత్రం బర్రె లేదు, బోరు లేదు... పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు. మళ్లీ పాతదే ఎక్కించమని బాపు అడిగితే, "ఆ తెలుగు టైపింగ్ సీడీ ఏది కాకా?" అన్నాడు సలీమ్ అన్న. సీడీ మాకెవరూ ఇవ్వలేదు. మాకు అమ్మిన ఆ పెళ్లికార్డుల షాపు ఎప్పుడో ఎత్తేశారు.

అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఎందుకు చెప్పలే అక్కా?"

"చెప్తే ఒప్పుకుంటుంటివా?" అంది. మళ్లీ తనే, "అయినా గల్లీ పేపర్ ఏందే... కాలేజీల చెప్తే నవ్వుతరు" అంది.

ఆ రెండో మాటకు నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ నాతో కూర్చుని నవ్వింది ఈ అక్కేనా అనిపించింది. పేపర్ మా ఇద్దరిదీ అనుకున్నాను... నాది ఒక్కదానిదే అట.

తర్వాతి ఆదివారం చేత్తో రాసి అతికించాను. ఒక్కదాన్నే రాస్తే చప్పగా వచ్చింది. కొన్ని వారాలు చూసి మానేశాను.

మొన్నామధ్య మాటల్లో ఈ సంగతి ఎత్తితే అక్క గట్టిగా నవ్వింది. "ఇంకా యాదికి ఉందానే నీకు!" అంది. నేనూ నవ్వేశాను. కానీ లోపల ఒకటే బాధ... "నాకు కొత్తది కావాలే చెల్లే" అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ పేపర్ నేనే ఆపేసేదాన్ని. అక్క కోసం ఆ మాత్రం చేయనా? అడగలేదు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పింది.

ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు వాటంతట అవే మారిపోతున్నాయి. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి అడిగే బాపులు లేరు... ఏదైనా పోతే ఎవరి మీద అలగాలో కూడా తెలియదు.

మీరూ ఇలా సొంతవాళ్ల మాట నమ్మి 'సరే' అన్న రోజు ఏదైనా ఉంటే కింద కామెంట్లలో రాయండి. మొహమాటపడకండి... మా అక్క కూడా ఇక్కడే ఉంటుంది. చదివితే చదవనివ్వండి.