మంచినీళ్ల ఓడ ట్యాంకు

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. గొర్లకాపరి ఇంట్లో పుట్టినవాడిని. మందతో పాటు శ్మశానాల పక్కన గొంగడి కప్పుకుని, గుర్రుపెట్టి నిద్రపోయిన మనిషిని. అందుకే ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. భయం అంతకన్నా ఎక్కువేస్తుంది.

మాది కోస్గి దగ్గర పల్లె. తెలంగాణ వచ్చిన తర్వాత ఒక ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. ట్యాంకరు నీళ్లు పోయించుకుంటే తప్ప గొర్లు బతికేలా లేవు. ఆ నీళ్లు నిలవ చేసుకోవడానికి నా బామ్మర్ది నర్సింలు ఒక ఇనుప ట్యాంకును లారీలో పంపించాడు. వాడు సముద్రం ఒడ్డున పాత ఓడలను కోసే పనికి పోయాడు. మా పాలమూరు కూలోళ్లు పోని జాగా ఏముంది!

ఆ ట్యాంకును కోసి తీసిన ఓడ చరిత్ర కూడా వాడే ఫోనులో చెప్పాడు. మొదట సరుకులు మోసేదట. నౌకాదళం వాళ్లు దాన్ని కొని, యుద్ధనౌకలకు మంచినీళ్లు అందించే ఓడగా మార్చారట. దాని మీద ఒక్క తుపాకీ లేదు. యుద్ధంలో కూడా వెనక వెనకే తిరుగుతూ నీళ్లు పోసిందట. ముసలిదయ్యాక చాలా ఏళ్లు రేవులో కట్టేసి, చివరికి తుక్కుకు అమ్మేశారు. అన్నేళ్లలో దాని మీద ఒక్క మనిషీ చావలేదని వాడు గట్టిగా చెప్పాడు. మేమూ సంబరపడి, ట్యాంకుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, చేనులో బండల మీద దించుకున్నాం.

ఎండాకాలం గొర్ల నీళ్లలో ఉప్పు కలపడం మా అలవాటు. రోజూ తొట్టిలో కలిపే బదులు ఒకేసారి ట్యాంకులోనే దొడ్డుప్పు కుమ్మరించాను. అది కరగకుండా అడుగున పేరుకుపోయింది. పైనున్న మూత సందులో నేను పట్టను. నా భార్య యాదమ్మ సన్నగా ఉంటుంది, తనే కలిపి వస్తానని దిగింది. నీళ్లు నడుము దాకా ఉన్నాయి. పట్టపగలు. భయపడాల్సిందేముంది? నేను మందను తోలుకురావడానికి గట్టు దాటాను.

వెనక ట్యాంకు మోగింది. సుత్తెతో ఇనుమును గబగబా బాదుతున్నట్టు, ఆగకుండా. గొర్లన్నీ కదలకుండా నిలబడిపోయాయి. చెప్పులు వదిలేసి ఉరికాను.

ఎక్కి చూస్తే లోపల నీళ్లు ఏటవాలుగా నిలబడి ఉన్నాయి. ఒక పక్క ట్యాంకు అడుగు, దాని మీద ఉప్పు కనిపిస్తున్నాయి. మూత వైపు నీళ్లు యాదమ్మ గడ్డం దాకా లేచాయి. ఆమె సందు అంచును రెండు చేతులతో పట్టుకుని వేలాడుతోంది. ట్యాంకు మాత్రం బండల మీద కొంచెం కూడా ఒరగలేదు. గాలి కూడా లేదు. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. అప్పుడు కూడా లోపల సుత్తె మోగుతూనే ఉంది.

ఎలాగోలా బయటికి లాగాను. మోత ఆగిపోయింది. నీళ్లు మళ్లీ సమంగా పరుచుకున్నాయి.

యాదమ్మ ఒక్కటే మాట అంది: "నేను కొట్టలే. చేతులిడిస్తే మునిగిపోతుంటి."

సాయంత్రం నర్సింలుకు ఫోన్ చేసి, ట్యాంకులో ఏదో మోగిందని మాత్రమే చెప్పాను. వాడు మెల్లగా అడిగాడు.

"బావా, దాంట్ల ఉప్పు గిట్ల పోసినవా?"

ఆ ఓడలో పనిచేసిన ఒక ముసలాయన వాడికి చెప్పాడట. మంచినీళ్లు ఉప్పగా మారాయంటే ఓడలోకి సముద్రం వస్తున్నట్టు లెక్క. అప్పుడు లోపలున్నవాళ్లను బయటికి రమ్మని హెచ్చరిస్తూ మిగతావాళ్లు గోడలను సుత్తెతో బాదేవాళ్లట.

మర్నాడే ఆ ట్యాంకును తుక్కు బండికి ఎక్కించాను. కొట్టినవాళ్లు ఎవరైతేనేం, తన ప్రాణం కాపాడారని యాదమ్మ ఇప్పటికీ దండం పెట్టుకుంటుంది. నేను పెట్టలేను. బాదినవాళ్లు ఆమెను కాపాడారనే అనుకుందాం. మరి ఆ నీళ్లను ఆమె మీదికి లేపిందెవరు?