నీటికి అవతలి గది

మా అక్క కూతురు సుహాసినిని ఎటోబికోలో మా ఇంటికి తెచ్చేసుకుందామని, అది చదువుకుంటున్న హాలిఫాక్స్‌కి బయలుదేరాను. అద్దెకుంటున్న బేస్‌మెంట్‌ని నెలాఖరుకి ఖాళీ చేయమన్నారట. ఊరినిండా స్టూడెంట్లే, ఇంకో గది దొరకలేదు. "చదువు మానేస్తా పిన్నీ" అంది ఫోన్లో. తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు తీసుకున్నాను.

ఉదయం ఏడింటి విమానం, గంట తేడా కలుపుకుని, పది దాటాక దిగింది. సిటీ బస్సెక్కి దాన్ని ఫోన్లోనే మందలిస్తుంటే పక్క సీటామె నవ్వింది. కాకినాడావిడ, ఆసుపత్రిలో పని, పేరు మేరీ రత్నం.

"మా డార్ట్‌మౌత్ ఇంట్లో గది ఖాళీగానే ఉందండీ. స్టూడెంట్లు నీళ్లు దాటి రామంటారు" అని నంబరిచ్చి, బస్సు హార్బరు వంతెన ఎక్కకముందే, ఇవతలి ఒడ్డునే దిగిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి మా పిల్ల క్లాసులో తన థీసిస్ గురించి చెప్పాలి. "ఇదొక్కటి చెప్పేసి వచ్చేస్తా" అంది. వెనక వరసలో కూర్చున్నాను. జర్మనీలో బాడెన్-వుర్టెంబెర్గ్ అనే రాష్ట్రాన్ని ప్లానింగ్ ప్రాంతాలుగా విడగొట్టారట. ఒక్కో ప్రాంతంలో కొన్ని జిల్లాలు, ప్రాంతానికో సభ. ఇళ్లు ఎటు పెరగాలో, ఏ ఊరు చుట్టుపక్కలవాళ్లకి ఆసుపత్రీ పెద్ద బడీ అందించాలో ఆ సభే ప్లాన్ వేస్తుంది. ఒక ప్రాంతమైతే నది దాటి పక్క రాష్ట్రంలోకి పోయింది. జనం రోజూ అటూ ఇటూ తిరుగుతారు కాబట్టి రెండు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకుని కలిపి ప్లాన్ వేసుకుంటున్నాయి. ఆ సంగతి చెప్పేటప్పుడు దాని మొహం వెలిగిపోయింది. ఈ పిల్లనా నేను మాన్పించి తీసుకెళ్లేది?

బయటికొచ్చాక మేరీగారి గది మాట చెప్పాను.

"డార్ట్‌మౌతా? అది హార్బరుకి అవతల కదా పిన్నీ. మా గ్రూప్‌లో అందరం క్యాంపస్‌కి వాకింగ్ డిస్టెన్సే చూస్తాం."

"రెండు రాష్ట్రాల్ని ఇప్పుడే కలిపొచ్చావు. నువ్వు మాత్రం హార్బరు దాటే ఫెర్రీ ఎక్కవా?"

నా భుజం మీద తల పెట్టి నవ్వింది. ఆ నవ్వులో ఏడుపూ ఉంది.

మేరీగారికి ఫోన్ చేసి, నాలుగున్నర ఫెర్రీ ఎక్కాం. చేతిలో టీ చల్లారకముందే అవతలి ఒడ్డు వచ్చేసింది. మేరీగారి వంటింట్లో చేపల పులుసు ఉడుకుతోంది. "చర్చికి రమ్మని బలవంతం లేదమ్మా, పులుసు మాత్రం తినాలి" అన్నారావిడ. మా పిల్ల గదంతా చూసి, కిటికీ దగ్గర ఆగింది.

"ఇక్కడ టేబుల్ వేసుకోవచ్చా ఆంటీ?"

రెండో టికెట్ రాత్రే కాన్సిల్ చేశాను. పిల్లల్ని ఇక్కడికి పంపేవాళ్లకి ఒక్క మాట: గది వెతికేటప్పుడు మ్యాపుని నీటి దగ్గర మడిచేయకండి.

మర్నాడు సాయంత్రం ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాను. వెనక గాలి హోరు.

"ఎక్కడున్నావే?"

"ఫెర్రీలో పిన్నీ. ఇంటికెళ్తున్నా."