తాడు ముక్క కట్టని డాక్టరు

ముందు నా వెధవ పని ఒప్పేసుకుంటాను. డోన్‌లో బోరు మోటార్లు తీసే మాబాషా మామ, కూలీలు చెమటలు కక్కుతూ తాడు లాగుతుంటే తాను మాత్రం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పని చెప్పేవాడు. ఆ కుర్చీ వెనక సుద్దముక్కతో ‘కలెక్టరు గారు’ అని రాశాను. కూలీలందరూ నవ్వారు. ఆయన లేచి వెనక్కి తిరిగి చదివి, మళ్లీ కూర్చున్నాడు. ఆయన కుర్చీకి ఎందుకు అతుక్కుపోయాడో నాకు తర్వాత తెలిసింది.

మాబాషా వయసులో ఉన్నప్పటి నుంచి చేసింది ఒకటే పని. బోరులో మోటారు ఇరుక్కుంటే దాన్ని బయటికి తీయడం. నాలుగు వందల అడుగుల లోతులో ఏముందో కంటికి కనిపించదు. తాడు పట్టుకున్న అరచెయ్యే చెప్పాలి. ఆ చెయ్యికి డోన్ నుంచి పత్తికొండ దాకా పేరుండేది.

పనిలోకి వచ్చిన కొత్తలో కంబన్న అనే రైతు బోరు దగ్గర రెండు రోజులు కుస్తీ పట్టాడు. మోటారు కదల్లేదు. తనకు రాదని చెప్పడానికి నామోషీ వేసి, “ఈ బోరు సచ్చిపోయిందప్పా, మూసెయ్” అని మూతి మీద బండ పెట్టించాడు. నీళ్లు లేక కంబన్న చీనీ తోటలో బత్తాయి చెట్లు ఎండిపోయాయి. మరుసటి ఏడు నందికొట్కూరు నుంచి బొజ్జన్న అనే ముసలి మెకానిక్కు వచ్చి, అదే మోటారును ఒక్క పూటలో తీసి గట్టున పెట్టాడు.

కంబన్న తిట్టలేదు. “నీకు రాదని ఒక మాట చెప్పింటే ఆయప్పను అప్పుడే పిల్చుకొస్తాంటి కదప్పా” అన్నాడంతే. ఆ మాట మాబాషాకు చాలా రోజులు తిండి సహించనివ్వలేదు.

అప్పటి నుంచి తన వల్ల కాని బోరుకు ఆయన బండ పెట్టలేదు. బోరు పైపుకు తన తాడు ముక్క ఒకటి కట్టి, ఆ మోటారు ఎవరి చేతికి వస్తుందో వాళ్ల పేరు రైతుకు చెప్పి వచ్చేవాడు. తాడు ముక్క కనిపిస్తే బోరు బతికే ఉందని, చెయ్యి మారితే చాలని అర్థం. చుట్టుపక్కల మెకానిక్కులకు కూడా అదే అలవాటైంది.

రెండు వేల మూడులో పత్తికొండ దగ్గర మాబాషా తాడు లాగుతూనే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. భార్య అబీదా బీ హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు తెర మీద గుండె నాళాలు చూపించాడు. వాటిలో ఒకటి సగంలో తెగిన దారంలా ఆగిపోయింది.

“ఇది ఎప్పుడో పూర్తిగా మూసుకుపోయింది. పాతబడి గట్టిపడింది, నాళం తెరిచే సన్న తీగ దూరదు. పక్కనుంచి సన్న నాళాలు పుట్టి కాస్త రక్తం ఇస్తున్నాయి. ఈ ఒక్కదానికి ఛాతీ కోసి బైపాస్ చేయడం కూడా అనవసరం. మందులు వాడండి, బరువులు లాగకండి.”

మాబాషా తెర వైపే చూస్తున్నాడు. “సారూ, పైనుంచి దూరకపోతే, ఆ సన్న నాళాల్లోంచి అవతలికి పోయి కింది నుంచి పొడిస్తే రాదా?”

డాక్టరు నవ్వాడు. “గుండె బోరుబావి కాదు బాషా.”

“ఇంగ యాడన్నా, ఎవురన్నా చేస్తారేమో సారూ?” అంది అబీదా బీ.

“ఎవరూ చేయరమ్మా. అది అయ్యే పని కాదు.”

అంత చదివినాయన అన్నాక ఇక అడిగేదేముంది? మాబాషా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆరేళ్లు కూర్చున్నాడు. మొదట్లో మిద్దె మెట్లు ఎక్కేవాడు, తర్వాత అదీ మానేశాడు. బోరు దగ్గరా కుర్చీ వేయించుకుని, చెయ్యికి తెలిసింది నోటితో చెప్పబోతే కూలీలకు అందేది కాదు. తీయగలిగిన మోటార్లు ఎన్నో లోపలే ఉండిపోయాయి.

రెండు వేల తొమ్మిదిలో కర్నూలుకు తేజేశ్వర్ అనే కుర్ర డాక్టరు వచ్చాడు. అబీదా బీ పట్టుకెళ్లిన హైదరాబాదు ఆసుపత్రి పాత సీడీ వేసి చూసి, రెండోసారి వేసి చూశాడు.

“దీన్ని అప్పుడే తెరిచి ఉండొచ్చే. చేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారు అప్పటికే. ఇప్పుడైతే సన్న నాళాల్లోంచి అవతలికి పోయి, కింది నుంచి కూడా తీగ తోస్తున్నాం.”

అబీదా బీ మొగుడి మొహం చూసింది. ఆయన నేల చూశాడు.

“అయితే తెరువు సారూ” అన్నాడు మాబాషా.

స్కానింగ్ తీయించాక తేజేశ్వర్ గొంతు తగ్గింది. “ఆ నాళం తడిపే గుండె కండ ఎండిపోయింది. ఇప్పుడు తెరిచినా లాభం లేదు.”

“ఆ పొద్దు తెరిచింటే?”

“కండ మిగిలేదేమో. ఖాయంగా చెప్పలేను. ఆ హైదరాబాదు డాక్టరుకు ఈ పద్ధతి తెలిసి ఉండదు, ఏమనుకోకండి.”

“తెలీకపోతే తప్పేముండాది సారూ? నాకూ శానా తెలీవు. తెలీదని ఒక్క మాట అనింటే, తెలిసినోన్ని ఎతుక్కునేటోన్ని. ఆయప్ప మూసి బండ పెట్టేసినాడు.”

సరిగ్గా ఆ మరుసటి వారమే నా సుద్దముక్క పని జరిగింది.

సంగతంతా అబీదా బీ నోట విన్నాక, తడిగుడ్డ తీసుకుపోయి కుర్చీ తుడిచాను. “తప్పైంది మామా. నీ గురించి కథ రాస్తాండా. ఆ హైదరాబాదు డాక్టరును నాలుగు తిట్లు తిట్టి ముగించేదా?” అని అడిగాను.

మాబాషా నా చేతిలో గుడ్డ లాక్కుని పక్కన పడేశాడు.

“ఆయప్పను తిట్టేకి నీకేం మొగముండాదప్పా? కూచున్నోన్ని ఏంటికి కూచున్నావని నువ్వు అడిగినావా? ఆయప్ప తెలుసుకోకుండా నా గుండె మీద రాసేసినాడు, నువ్వు అడక్కుండా నా కుర్చీ మీద రాసేసినావు.”