కారులో లేని క్లచ్చు

కరోనా తగ్గి బజార్లు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన తర్వాత, ఒక వేసవి ఆరంభంలో, వరంగల్ బజారులో జరిగిన ఒక కారు ప్రమాదాన్ని సర్వే చేసే పని నాకు అప్పగించారు. అవి నా వృత్తిలో చివరి సంవత్సరాలు. సర్వేయరు అనగానే భూములు కొలిచేవాడేమో అనుకునేవారు చాలామంది. మా పని వేరు. బీమా ఉన్న బండి దెబ్బతింటే వెళ్లి చూసి, ప్రమాదం ఎలా జరిగింది, నష్టం ఎంత, అది పాలసీ షరతులకు లోబడి ఉందా లేదా అని రిపోర్టు రాసివ్వాలి. మేము బీమా కంపెనీ ఉద్యోగులం కాము. లైసెన్సు తీసుకుని విడిగా పనిచేసేవాళ్లం. రిపోర్టు వరకే మా బాధ్యత. డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ చూసుకుంటుంది.

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు ఇక్కడ తిరిగే కార్లన్నీ గేర్ల బండ్లే. ములుగు అడవి దారుల్లో అరిగిన క్లచ్ ప్లేట్లు, గేర్‌బాక్సు కింద రాయి తగిలి ఆయిలు కారిపోయిన జీపులు, ఇవే మా రోజువారీ సరుకు. ఆటోమేటిక్ కారు ఎప్పుడైనా ఒకటి వర్క్‌షాపుకు వస్తే మెకానిక్కులు చుట్టూ చేరి చూసేవాళ్లు. మొదట మోకాళ్ల నొప్పులున్న డాక్టర్లు కొన్నారు. తర్వాత హనుమకొండ ట్రాఫిక్‌లో నిమిషానికోసారి క్లచ్ తొక్కలేక ఉద్యోగులు కొన్నారు. చూస్తుండగానే కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా ఆ బండ్ల మీదే నేర్చుకోవడం మొదలైంది. డ్రైవర్ కాళ్ల దగ్గర మూడు పెడళ్లకు బదులు రెండే ఉండటం వల్ల ప్రమాదాల తీరు కూడా మారుతుందని నాకు నెమ్మదిగా తెలిసివచ్చింది. ఈ కేసు వచ్చేసరికి ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే, అది వేరే దారి పట్టింది.

బండి యజమాని పేరు కార్తీక్. తండ్రి లక్ష్మీనారాయణ సేటుకు బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. కార్తీక్ భార్య శ్రావణి హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. ఆమె రాకపోకల కోసమే ఆ ఆటోమేటిక్ కారు కొన్నారు. పొద్దున్నే, ఇంకా దుకాణాలు తెరవకముందు, ఆ కారు వీధి మలుపు దగ్గర ఆగాల్సింది ఆగకుండా ముందుకు దూకి, ఎదుటి దుకాణం మెట్లెక్కి షట్టరును గుద్దింది. మెట్ల మీద కూర్చుని తాడు పేనుకుంటున్న ఐలయ్య అనే హమాలీ కాలు మెట్టుకూ బంపరుకూ మధ్య పడి విరిగింది. క్లెయిము ఫారంలో నడిపింది శ్రావణి అని ఉంది. ఆమె లైసెన్సు సక్రమంగా ఉంది.

నేను వెళ్లేసరికి పోలీసులు కారును మెట్ల మీది నుంచి లాగించి పక్కకు పెట్టించారు. వీధిలోవాళ్లు తలా ఒక మాట అంటున్నారు.

"కోడలి కారు సార్ అది. ఆడోళ్ల చేతికి కారిస్తే గిట్లనే ఉంటది" అన్నాడు పక్క దుకాణం ఆయన. నువ్వు చూశావా అని అడిగితే, చూడలేదన్నాడు. చప్పుడు విని వచ్చేసరికి మామా కోడళ్లిద్దరూ కిందికి దిగి ఐలయ్యను లేపుతున్నారట.

ఐలయ్యది వర్ధన్నపేట దగ్గర ఊరు. దవాఖానలో కాలికి పిండికట్టుతో పడుకుని ఉన్నాడు. "నా ఈపు బండి దిక్కున్నది సార్. ఎవలు నడిపిన్రో నేనేం సూసిన?" అన్నాడు. తర్వాత అతను అడిగింది ఒక్కటే. "కాలు అతుకుతది గని, మల్ల మూట లేపుతనా సార్?" దానికి డాక్టర్లే జవాబు చెప్పాలి.

వర్క్‌షాపులో బండిని పరీక్షించాను. బ్రేకులు బాగా పనిచేస్తున్నాయి. యాక్సిలరేటరు ఎక్కడా పట్టేయడం లేదు. కంప్యూటరు పెట్టి చూస్తే ఏ లోపమూ కనబడలేదు. డ్రైవరు సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. శ్రావణి పొట్టి మనిషి. కానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోలేను. కారును లాగించేటప్పుడు పోలీసులు పిలిపించిన డ్రైవరు అందులో కూర్చున్నాడు, తర్వాత మెకానిక్కు కూర్చున్నాడు. సీటు ఎవరు జరిపారో ఎవరు చెప్పగలరు?

బండిలో లోపం లేదంటే, బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కారన్నమాట. ఇలాంటివి అప్పటికి కొన్ని చూశాను. గేర్ల బండి నడిపేవాడు కంగారుపడితే రెండు కాళ్లూ ఒకేసారి తొక్కుతాడు, కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు క్లచ్చు మీద. ఒకవేళ కుడికాలు తప్పి యాక్సిలరేటరు మీద పడ్డా, క్లచ్ నొక్కి ఉంది కాబట్టి ఇంజను అరుస్తుంది తప్ప బండి ముందుకు దూకదు. ఎడమకాలు కుడికాలిని కాపాడుతుంది. ఆటోమేటిక్‌లో ఆ కాపలా లేదు. ఎడమకాలు ఖాళీ నేలను తొక్కుతుంది, కుడికాలు తప్పితే బండి దూకుతుంది. పాత అలవాటు ఎంత బలంగా ఉంటే కంగారులో అంత గట్టిగా తొక్కుతారు.

మిగిలింది డ్రైవరు వాంగ్మూలం. దాన్ని డ్రైవరు నోటి నుంచే వినాలని మాకు నియమం. సేటు ఇంటికి వెళ్లాను. ముందుగదిలో సేటు, కార్తీక్, శ్రావణి కూర్చున్నారు. సేటు భార్య చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లింది. శ్రావణి నేల చూపులు చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మలుపు కాడ ఐలయ్య కనబడ్డడు సార్. ఆపుదామని క్లచ్చు, బ్రేకు రెండు ఒక్కసారే తొక్కిన. అయినా ఆగలే."

నా పెన్ను అక్కడే ఆగింది.

"మీరు కారు ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని అడిగాను.

"హనుమకొండలనే సార్, డ్రైవింగ్ స్కూల్ల. అది గూడ గేర్లు లేని బండే. నాకు గేర్ల బండి అస్సలు రాదు." ఆ మాట ఆమె ధైర్యంగా, తలెత్తి చెప్పింది. తను ముందు ఏమందో ఆమెకు తట్టలేదు. సేటుకు మాత్రం తట్టింది. చేతిలోని చాయ్ కప్పును ఆయన తాగకుండానే కింద పెట్టారు.

ఆమె ఎన్నడూ క్లచ్ తొక్కలేదు. ఆ కారులో క్లచ్చే లేదు. ఆ మాట ఆమెది కాదు. ఏళ్ల తరబడి గేర్ల బండి నడిపిన మనిషి, తన కాళ్లు చేసిన పనిని చెప్పిన మాట అది. ఆమె దాన్ని అలాగే ఒప్పజెప్పింది.

అక్కడ నా ముందు రెండు దారులున్నాయి. డ్రైవరు విషయంలో అనుమానం ఉందని రాసి రిపోర్టు పంపేయవచ్చు. అప్పుడు కంపెనీ ఇన్వెస్టిగేటరును వేస్తుంది. నిజం ఎలాగూ బయటపడుతుంది. కానీ అబద్ధపు వాంగ్మూలం ఇచ్చిన మనిషిగా కాగితం మీద నిలిచేది శ్రావణి. రెండోది, వాంగ్మూలం మీద వివరణ అడగడం. నియమాల్లో దానికి చోటుంది. నేను రెండోదాన్ని ఎంచుకున్నాను. ఆ అమ్మాయిని వాళ్లందరి ముందు నిలదీయడం అనవసరం అనిపించింది. ఆమె చెప్పినదాని కింద ఆమె చేత సంతకం పెట్టించలేదు.

"సేటుగారూ, ఈ ఇంట్లో కారు నడిపేవాళ్లందరి లైసెన్సు కాపీలూ కావాలి. వాంగ్మూలంలో ఒక మాట నాకు కుదరడం లేదు. రేపు సాయంత్రం దాకా నేనేమీ రాయను" అన్నాను.

కార్తీక్ కాస్త చిరాకుపడ్డాడు. ప్రమాదం రోజు అతను సరుకు కొనడానికి హైదరాబాదు వెళ్లాడు, అతనికి అసలు సంగతి తెలియదని నాకు ఆ చిరాకుతోనే అర్థమైంది. "నాయిన లైసెన్సు ఎందుకు సార్? కారు శ్రావణిది. నడిపింది తను" అన్నాడు. సేటు కొడుకు వైపు చూడలేదు.

గేటు దాకా సేటు నా వెంట వచ్చారు. "లైసెన్సు లేనోడు నడిపిండనుకో సార్, ఐలయ్యకు ఏం రాదా?" అని మెల్లగా అడిగారు.

అలాంటి కేసుల్లో మామూలుగా జరిగేది చెప్పాను. బండికి బీమా ఉంది కాబట్టి, గాయపడ్డ మనిషికి కోర్టు ఇవ్వమన్నది కంపెనీ ముందు కడుతుంది, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. బండి మరమ్మతుకు మాత్రం పైసా రాదు. ఆయన తలూపి లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం హనుమకొండలోని నా ఆఫీసుకు సేటు ఒక్కరే వచ్చారు, ఆటోలో. కుర్చీలో కూర్చుని చాలాసేపు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"నేనే నడిపిన సార్" అన్నారు చివరికి. "సందు ఇరుకున్నది, నువ్వు తిప్పలేవు, జర నాకియ్యి అని నేనే తీసుకున్న. గల్లీ నాకు చిన్నప్పటి సంది తెలుసు. పాత వ్యాను ముప్పై ఏండ్లు నడిపిన. ఎడమకాలు గట్టిగ తొక్కిన సార్. ఆడ ఏం లేదు. ఉత్త నేల."

లైసెన్సు గడువు దాటి రెండేళ్లయిందట. కొత్తగా తీసుకోవాలంటే మళ్లీ టెస్టు ఇవ్వాలి, ఈ వయసులో పిల్లల మధ్య నిలబడి టెస్టేమిటని ఊరుకున్నారట. ప్రమాదం కాగానే జనం చేరి కోడలు గుద్దిందని వాళ్లే అనుకున్నారు. ఆయన కాదనలేదు. ఆ తర్వాత పోలీసులు అడిగారు, ఫారం నింపారు, ఒకసారి ఊరుకున్నందుకు ఊరుకుంటూనే పోవాల్సి వచ్చింది.

"శ్రావణి ఏమంది?" అని అడిగాను.

"నా తిప్పల జూసి, నాకు లైసెన్సు ఉన్నది మామయ్య, నా పేరు చెప్పుండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి అన్నది. ఏం చెప్పాల్నో గూడ నేనే చెప్పిన." ఆయన చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "రాత్రి కార్తీక్ గాడు, ఇగ నువ్వు కారు ముట్టకు అన్నడు. ఆ పిల్ల సరే అన్నది సార్. నా దిక్కు ఒక్కసారి చూసింది, గంతే. అప్పుడే కొడుకుకు చెప్పిన, నడిపింది నేను అని."

కార్తీక్ ఆ రాత్రి తండ్రితో మాట్లాడలేదట. పొద్దున మాత్రం పోలీస్ స్టేషనుకు తనే వెంట వస్తానన్నాడట. ముందు స్టేషనుకు వెళ్లి నిజం రాసివ్వమని, ఆ కాపీ తెచ్చి నాకిమ్మని సేటుకు చెప్పాను. ఆ సాయంత్రమే తెచ్చారు.

నా రిపోర్టులో నడిపింది లక్ష్మీనారాయణ అనీ, చెల్లుబాటయ్యే లైసెన్సు లేదనీ, మొదటి ఫారంలోని వివరాన్ని యజమాని పక్షమే సరిదిద్దిందనీ రాశాను. మరమ్మతు క్లెయిమును కంపెనీ తిరస్కరించింది. పోలీసు కేసు సేటు పేరు మీదికి మారింది, కోర్టులో ఆయన తప్పు ఒప్పుకుని జరిమానా కట్టారు. ఐలయ్యకు కోర్టు ద్వారా పరిహారం వచ్చింది, కంపెనీ దాన్ని కార్తీక్ దగ్గర వసూలు చేసుకుంది. ఐలయ్య కాలు అతికింది గానీ మూటలు మోయడానికి పనికిరాలేదు. సేటు దుకాణంలోనే కూర్చుని చేసే పని ఇచ్చారు. అది అతనికి నచ్చిందని చెప్పలేను. హమాలీగా ఉన్నప్పుడే తనకు విలువుండేదని ఒకసారి నాతో అన్నాడు.

వీధిలో మాట కొన్నాళ్లు సేటు మీదికి తిరిగింది. బాగుచేయించిన కారును శ్రావణే నడుపుతూ కాలేజీకి వెళ్లేది. సేటు మళ్లీ టెస్టుకు వెళ్లలేదు. పాత వ్యానును అమ్మేశారు. బజారులో ఒకటి రెండుసార్లు ఆ కారు నాకు ఎదురుపడింది, ఆయన కోడలి పక్క సీట్లో కూర్చుని ఉన్నారు.

నేను లైసెన్సు వదులుకునే లోపు అలాంటి కేసులు మరికొన్ని వచ్చాయి. ప్రతిసారీ డ్రైవరును ఏం జరిగిందని అడగడానికి ముందు, మీరు ఏ బండి మీద నేర్చుకున్నారని అడిగేవాణ్ని. మనిషి జ్ఞాపకం పొరపాటు పడవచ్చు గానీ, కాళ్లకు మొదట అబ్బిన పని అంత తొందరగా మారదు. నేర్చుకున్నది ఇంకొకటి, వాంగ్మూలంలో తేడా కనబడ్డ వెంటనే దాన్ని ఎత్తిచూపితే మనిషి ఆ అబద్ధాన్నే గట్టిగా పట్టుకుంటాడు. ఒక రోజు గడువిస్తే సరిదిద్దుకునే అవకాశం ఉంటుంది. రిపోర్టు ఒక రోజు ఆలస్యమైతే కంపెనీవాళ్లు సంజాయిషీ అడుగుతారు. అడిగితే చెప్పుకోవచ్చు.