సైకిల్ ఫ్రేమ్ మీద ఇత్తడి ఆకు

మొన్న వేసవిలో మావారు గూడూరు పాత ఇనప సామాన్ల కొట్లో ఓ పాతకాలం సైకిల్ ఫ్రేమ్ కొన్నారు. దానిమీద పేరు లేదు, ముద్ర లేదు. రంగు గీకితే అతుకుల దగ్గర మాత్రం వేపాకు ఆకారంలో పోసిన ఇత్తడి కనిపించింది. "ఇంగ్లండుదే!" అని ఆయన పట్టు. నేను ఫోన్లో వెతకని కంపెనీ లేదు. విసుగొచ్చి, సోమవారం ఆ ఇత్తడి అరగదీయించి రంగు వేయించేద్దామనుకున్నాం.

ముందురోజు ఆదివారం, వాకాడులో మా చర్చిలో ప్రార్థన జరుగుతోంది. కళ్లు తెరిస్తే ఎదురుగా ఇనుప సిలువ. రెండు కమ్మీలు కలిసినచోట అదే ఇత్తడి వేపాకు!

"అదే! అదే!" అని అరిచేశాను.

"హల్లెలూయా!" అంది చర్చి మొత్తం. నాకు ఆత్మావేశం కలిగిందనుకుని పాస్టరుగారు వచ్చి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన అందుకున్నారు.

"ఆత్మ కాదయ్యగారూ, సైకిలు!" అన్నాను, సిలువ మీది ఇత్తడి ఆకు చూపిస్తూ. అందరూ గొల్లున నవ్వారు.

పక్కనున్న ఎస్తేరవ్వ మాత్రం నవ్వలేదు. "ఆ సిలువ మా నాయన చేసినాడు. సైకిళ్లు గూడా చేసేవోడు. ఒక్కటీ మిగల్లేదమ్మా" అంది.

ఆ సాయంత్రమే ఫ్రేమ్ ఆమె ఇంటికి మోసుకెళ్లాం. అవ్వ ఇత్తడి ఆకుని తడిమి, "వచ్చినావా నాయనా?" అంది.

ఆ సైకిల్ చేసినాయన కోసం ఫోన్లో దేశాలన్నీ వెతికాను. ఆయన కూతురు ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చునేది.