ట్యాంకరు ముందు బిందెలు

జహీరాబాద్‌లో నా బస్సు తప్పిపోయింది. నేనూ తప్పిపోకుండా గల్లీలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంటామె శంకరమ్మ బీహారు నుంచి ఫ్యాక్టరీ పనికొచ్చినవాళ్లకు గదులు అద్దెకిచ్చింది. ఎదురుగా మనుషులకు బదులు బిందెలే వరుసగా నిలబడి నీళ్ల ట్యాంకరు కోసం చూస్తున్నాయి.

"బోరు ఎండింది సారూ. కిరాయోళ్లను ఎల్లగొట్టుమంటున్నరు గల్లీల. లోపట నిండు నెలల పిల్ల ఉన్నది. యాడికి పంపాలె?" అంది శంకరమ్మ.

హైదరాబాదులో నేనూ కిరాయోణ్నే.

ట్యాంకరు వచ్చింది. పక్కింటామె బీహారు పిల్ల బిందెను వరుసలోంచి నెట్టేసింది. శంకరమ్మ దాన్ని తన చోట పెట్టి, తన బిందెతో చివరికి వెళ్లింది.

"రేపు దూపైతే నీళ్లకు మా ఇంటికి రాకు!" అంది పక్కింటామె.

పైపులో ధార సన్నబడుతోంది. శంకరమ్మ ముందు ఇంకా చాలా బిందెలున్నాయి.